తిరుపతి పోతే పలమనేరు, పలమనేరు పోతే తడ

మా ఆయనకు ఆకాశంలో ఒక మబ్బు కనిపిస్తే చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. తడలో ఎట్లుండాదో అంటాడు. తడలో మాకు అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు, సెంటు భూమి లేదు. తమిళనాడు సరిహద్దులో, పులికాట్ సరస్సు గాలి కొట్టే ఆ ఊళ్ళో ఆయనకున్నది ఒక సర్వర్. సర్వర్ అంటే ఏమిటని పెళ్ళయిన కొత్తలో అడిగితే అన్నం చల్లారేదాకా చెప్పాడు. నాకు అర్థమైంది ఇంతే. అదొక పెద్ద కంప్యూటరు. ఏ ఊళ్ళో ఎవరు ఎన్ని పాలు పోశారో అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. అది ఆగితే డెయిరీ ఆగుతుంది, డెయిరీ ఆగితే మా ఆయన ఊపిరి ఆగుతుంది.

ఆయన పేరు యోగానంద. పేరులో ఉన్నంత ఆనందం మనిషిలో నేనెప్పుడూ చూడలేదు. తిరుపతిలోనే పాలిటెక్నిక్ చదివి, ఒక పాల డెయిరీలో కంప్యూటర్ల పనికి చేరి, అక్కడే తల నెరిపించుకున్నాడు. ఆ డెయిరీ పేరు చెప్పను, చెప్తే ఆయన నామీద అలుగుతాడు. నేను మునిలక్ష్మిని. కొర్లగుంటలో మా ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడతాను. ఈయన గురించి ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి, ఎందుకంటే ఈయనతో వేగింది నేనే.

మొదట్లో ఇంత లేదు. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. అప్పుడు డెయిరీకి ఉన్నది ఒక్కటే సర్వర్, తిరుపతి ఆఫీసులో, అదీ కింది అంతస్తులో. నీళ్ళు గేటు దాటి, మెట్లెక్కి, లోపలికొచ్చేశాయి. ఈయన మోకాటిలోతు నీళ్ళల్లో నిలబడి, ఇద్దరు డ్రైవర్లను పిలుచుకుని దాన్ని పైకి మోయించేలోగా అది పూర్తిగా తడిసిపోయింది. ఊళ్ళకు ఊళ్ళ లెక్కలు పోయాయి. ఆ తర్వాత ఈయన ఊరూరూ తిరిగి, ఇంటింటి ముందూ నిలబడి, నువ్వెన్ని పాలు పోశావమ్మా అని అడిగి మళ్ళీ ఎక్కించాడు. కొందరు నిజం చెప్పారు. కొందరు చెప్పిన లెక్క చూస్తే వాళ్ళింట్లో ఉన్నది ఆవా ఏనుగా అని అనుమానం వస్తుంది. చివరిరోజు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గడపలో కూర్చుని, "ఒక్కటే ఉంటే లేనట్టే లక్ష్మీ" అన్నాడు.

ఇక చైర్మన్ శాంతయ్యగారి వెంటబడ్డాడు. బతిమాలి, విసిగించి, ఆయన టిఫిన్ తినే చోటికి కూడా పోయి, ఇంకో రెండు సర్వర్లు కొనిపించాడు. ఒకటి పలమనేరులో, పాలు చల్లబరిచే ప్లాంటులో పెట్టాడు. ఇంకొకటి తడలో, మద్రాసుకు పోయే పాకెట్లు తయారయ్యే చోట పెట్టాడు. తిరుపతి సర్వర్‌లో ఏది రాసినా అదే మిగతా రెండింట్లోనూ అప్పటికప్పుడు పడుతుంది. తిరుపతి ఆగితే పలమనేరు పని అందుకుంటుంది. పలమనేరూ ఆగితే తడ అందుకుంటుంది. ఒకటి మైదానం ఊరు, ఒకటి చల్లటి మిట్ట మీది ఊరు, ఒకటి సముద్రం పక్క ఊరు. ఏ వానా ఏ తుఫానూ ఈ మూడింటినీ ఒక్కసారిగా కొట్టదని ఆయన ధీమా. తిరుపతి పోతే పలమనేరు, పలమనేరు పోతే తడ అని నిద్రలో గొణిగేవాడు. పక్కన పడుకునేదాన్ని, నాకది గోవింద నామాల్లాగా నోటికొచ్చేసింది.

ఆ జబ్బు ఇంటికీ అంటింది. మా ఇంటికి మూడు తాళంచెవులు చేయించాడు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర, మూడోది చిత్తూరులో ఆయన స్నేహితుడింట్లో. మూడూ ఒకే ఊళ్ళో ఉంటే ఊరు మునిగినప్పుడు ఎట్లా అని ఆయన ప్రశ్న. ఊరు మునిగితే తాళం తీసి ఏం చేస్తామని నా ప్రశ్న. ఒకసారి ఇద్దరమూ చెవులు లోపలే పెట్టి తలుపు లాగేశాం. నేను కూరగాయల సంచి పక్కన పెట్టుకుని అరుగుమీద కూలబడ్డాను. ఈయన చిత్తూరు బస్సెక్కి పోయి ఆ మూడోది తెచ్చాడు. తెచ్చి, చూసినావా పనికొచ్చిందా లేదా అని నన్నే నిలదీశాడు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కినా టార్చిలైట్లు రెండు మోస్తాడు. స్వామి దగ్గరికి పోతూ కూడా ఈ మనిషికి ధైర్యం చాలదు.

ఆయన ఆలోచించి పెట్టుకోని ఆపద లేదు. వరద, తుఫాను, పిడుగు, ట్రాన్స్‌ఫార్మర్ పేలడం, ఎలుకలు వైరు కొరకడం, పలమనేరు అడవిలోంచి ఏనుగులు దిగి కరెంటు స్తంభం తోసెయ్యడం, అన్నిటికీ ఎవరు ఏం చెయ్యాలో రాసి మూడుచోట్లా గోడలకు అంటించాడు. పలమనేరులో సర్వర్ చూసుకునేది మునిరత్నం. నుదుట విభూతి లేకుండా నేనా మనిషిని చూడలేదు. తడలో చూసుకునేది ఇమ్మానుయేల్. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా ఆరు రోజులూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఇద్దరూ మంచి పనివాళ్ళే. ఇద్దరికీ మా ఆయనంటే భయం కాదు గానీ, ఆయన మందలించడం మొదలుపెడితే ఆపడని విసుగు. అందుకని అడిగిందానికే జవాబు చెప్తారు, అడగందాని జోలికి పోరు.

సర్వర్ ఆగితే ఏమవుతుందో ఇక్కడే చెప్పాలి. పాలల్లో నీళ్ళు కలుపుతున్నారని చైర్మన్ ఒక కొత్త పద్ధతి తెచ్చాడు. ఊళ్ళల్లో పాలు తీసుకునే సెంటర్‌లో మిషన్ పాలను పరీక్ష చేస్తుంది, ఆ ఫలితం సర్వర్‌కు పోతుంది, సర్వర్ సరే అంటేనే చల్లటి ట్యాంకులోకి పాలు తోడే పంపు తెరుచుకుంటుంది. సర్వర్ పలకకపోతే పంపు తెరుచుకోదు. పాలు క్యాన్లలోనే ఉండి, పొద్దెక్కేకొద్దీ విరిగిపోతాయి. అట్లా పలకని రోజంటూ ఉండదని చైర్మన్‌కు పూచీ పడింది మా ఆయనే. మా చెల్లెలు భానుప్రియ పలమనేరు దగ్గర పల్లెలో రెండావులు పెట్టుకుని అట్లాంటి సెంటర్‌లోనే పాలు పోస్తుంది. ఈయన కనపడితే చాలు, బావా నీ మిషన్ కులాసానా అని ఆటపట్టిస్తుంది.

ఇట్లా నడుస్తుండగా బెంగుళూరు నుంచి ఒక కంపెనీవాళ్ళు చైర్మన్ దగ్గరికొచ్చారు. మీకు ఈ సర్వర్లూ వద్దు, వీటిని కాసే మనుషులూ వద్దు, అంతా మేమే అక్కడినుంచి చూసుకుంటాం అన్నారు. చైర్మన్‌కు ఆ మాట తీపిగా ఉంది. సర్వర్లు పోతే వాటితోపాటు మా ఆయనా పోతాడు, మునిరత్నమూ ఇమ్మానుయేలూ పోతారు. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, అందులోనూ నిమిషానికోసారి ఆకాశం చూసే మనిషిని, ఇంకెవరు పనికి పిలుస్తారు? నేను రాత్రింబగళ్ళు కుట్టినా ఆ లోటు నా జాకెట్లతో పూడేది కాదు. అంతకంటే, ఆ పని లేని యోగానందను ఇంట్లో పెట్టుకుని నేనెట్లా బతకాలన్నది నా అసలు దిగులు.

ఈయన చైర్మన్‌ను ఒక్కటే అడిగాడు. ఒక్క పూట తిరుపతి సర్వర్‌ను ఆపుతాను, పలమనేరు అందుకుంటుందో లేదో మీ కళ్ళతో చూసి అప్పుడు చెప్పండి అన్నాడు. నిజానికి ఈ పరీక్ష కోసం ఆయన ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు. చైర్మన్ ఒప్పుకుంటేనా. బాగా నడిచే మిషన్‌ను ఎవరైనా కావాలని ఆపుతారా, నీకేమైనా గాలి సోకిందా అని పంపేసేవాడు. ఈసారి మాత్రం కాసేపు గడ్డం గోక్కుని ఒక దారి చెప్పాడట.

"ఆయుధపూజ నాడు ఎట్లాగూ మిషన్లు ఆపి పూజ చేస్తాం కదప్పా. ఆ పొద్దు సూపిచ్చు. పాలు ఆగకుంటే మీరంతా ఈడనే ఉండండి. ఆగినాయంటే బెంగుళూరోళ్ళకు ఇచ్చేస్తా, మళ్ళా నా దగ్గరికి రావద్దు."

మా వైపు ఆయుధపూజ ఎంత పట్టింపో వేరే చెప్పాలా. మహానవమి నాడు లారీ నుంచి రోకలి దాకా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. పూజ పెట్టిన పనిముట్టును హారతయ్యేదాకా కదిలించం. సంవత్సరమంతా మనకోసం అరిగే దానికి ఆ పూట సెలవు. నా కుట్టుమిషన్ కూడా ఆ రోజు కుట్టదు, చైర్మన్ భార్య జాకెట్ అయినా సరే. మా ఆయన మాత్రం తిరుపతి సర్వర్‌కు ఎప్పుడూ సెలవివ్వలేదు. పక్కన ఒక పాత కంప్యూటర్‌ను పెట్టి, దానికి బొట్టు పెట్టండి, దీని జోలికి రాకండి అని ఏటా పూజారితో పోట్లాడేవాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చాన్నాళ్ళకు, కూనిరాగం తీశాడు. పలమనేరుకూ తడకూ చెప్పావా అని అడిగాను. చెప్తే అది పరీక్ష ఎట్లా అవుతుంది, వరద ముందుగా ఫోను చేసి వస్తుందా అని నన్ను కసిరాడు. అదీ నిజమే అనిపించింది. పండగ ముందురోజు వచ్చేటప్పుడు నా మిషన్‌కు గుమ్మడికాయ తీసుకురమ్మన్నాను. అది మర్చిపోయాడు.

నవమి నాడు తెల్లవారగానే తలస్నానం చేసి ఆఫీసుకు పోయాడు. రాహుకాలం రాకముందే పూజ కావాలని చైర్మన్ ఆజ్ఞ. పూజ మొదలుపెట్టే ముందు మా ఆయన తిరుపతి సర్వర్ నుంచి బయటికి పోయే వైరు పీకేశాడు. మిషన్ లోపల బతికే ఉంటుంది గానీ లోకానికి చచ్చినట్టే. మళ్ళీ వైరు గుచ్చితే ఆ క్షణమే పలుకుతుంది. వైరు పీకి, ఫోనులో అంకెలు చైర్మన్‌కు చూపించాడు. పలమనేరు అందుకుంది. ఊళ్ళల్లో పాలు పడుతూనే ఉన్నాయి. చైర్మన్ తల ఊపాడట. ఈయన బాత్రూములోకి పోయి నాకు ఫోను చేశాడు, నిలబడింది లక్ష్మీ, నిలబడింది అని.  నేను మిషన్‌కు బొట్టు పెడుతూ పెడుతూ స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ దణ్ణం పెట్టుకున్న చెయ్యి దించానో లేదో మళ్ళీ ఫోను మోగింది. ఈసారి భానుప్రియ.

"అక్కా, ఈడ మిషన్ పాలు తీసుకోవడం లే. ఇంతసేపూ బాగానే తీసుకునింది, ఇప్పుడు పంపు తెరుచుకోవడం లే. పక్కూళ్ళో కూడా ఇదేనంట. బావకు చెప్పు, జనం ఎండలో నిలబడుండారు."

 ఆయనకు చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, కట్ చేశాడు. చైర్మన్ పక్కన నిలబడి అంకెలు చూస్తున్న మనిషికి పెళ్ళాం ఫోను ఎందుకు పనికొస్తుంది. ఆ అంకెలు కదలడం అప్పటికే ఆగిపోయింది. పండగ కదా, జనం పాలు తక్కువ తెచ్చుంటారని ఆయన అనుకుంటున్నాడట. ఏ సర్వర్ ఆగినా ఆయన ఫోనుకు గంట మోగేట్టు పెట్టుకున్నాడు, అది మోగలేదు. ఎందుకు మోగుతుంది? ఆ గంట కొట్టాల్సింది తిరుపతి సర్వరే, దాని వైరు తన చేత్తోనే పీకాడు. వదలకుండా చేస్తే చివరికి ఎత్తి, ఏంది నీ గోల అన్నాడు.

చెప్పాను.  ఆయన ఫోను పెట్టెయ్యకుండా అట్లాగే చొక్కా జేబులో వేసుకుని, పక్కగదిలోకి పోయి ఆఫీసు ఫోనును స్పీకరులో పెట్టి పలమనేరుకు చేశాడు. అందువల్ల అక్కడ జరిగినదంతా నేను కుట్టుమిషన్ ముందు నిలబడి విన్నాను.

మునిరత్నం ఎత్తలేదు. ప్లాంటులో ఇంకెవరో ఎత్తి చెప్పారు. పూజ జరుగుతోంది, సర్వర్‌ను తుడిచి బొట్టు పెట్టాలని ఇప్పుడే ఆపినారు, మునిరత్నం అన్న తన ఫోనును కూడా పూజలో పెట్టేసినాడు, హారతయ్యేదాకా తియ్యడు అని. ఈయన తడకు చేశాడు. ఇమ్మానుయేల్ ఒక్క రింగుకే ఎత్తాడు. అక్కడ తెల్లవారుజామునే పూజ అయిపోయిందట. సర్వర్‌కు పూలదండ వేసి, పక్కన బొరుగులూ శనగలూ పెట్టి, మధ్యాహ్నం దాకా కదిలించకూడదని పనివాళ్ళంతా ఇళ్ళకు పోయారట. ఇమ్మానుయేల్ తన పూజ కాకపోయినా వాళ్ళ మాట కాదనలేక తనే స్విచ్చి ఆపి ఇచ్చాడట. ఎందుకు ఆపినావప్పా అని ఈయన అడిగితే, ఆ నెమ్మది మనిషి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఏటా ఆపుతాము కద సార్. పలమనేరులో కూడా ఆపుతారు. తిరుపతి ఎప్పుడూ ఉంటుంది కదా అని. మీకు తెలుసు అనుకున్నా."

ఏటా. ఏటా ఆయుధపూజ నాడు ఆ రెండు ఊళ్ళూ ఆగిపోయేవి, తిరుపతి ఒక్కటే నడిచేది. ఒక్కటే ఉంటే లేనట్టే అన్న మనిషి ప్రతి సంవత్సరం ఆ ఒక్కదాని మీదే నిలబడి, మిగతావి నిద్రపోతున్నాయని తెలియక, గుండెమీద చెయ్యి వేసుకుని తిరిగాడు. ఆ రోజు ఫోనుకు గంట మోగినా పలమనేరులో కరెంటు పోయింది కాబోలు, తడలో గాలి కాబోలు అనుకునేవాడు. మధ్యాహ్నానికల్లా మళ్ళీ వచ్చేసేవి కాబట్టి అడిగేవాడు కాదు. ఈసారి తెల్లవారుజామున తడకు మోగినదాన్నీ గాలే అనుకున్నాడు. వాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. చెప్తే మందలింపు మొదలవుతుందని వాళ్ళకు తెలుసు. ఈ సంవత్సరం ఒక్కసారి తిరుపతికి సెలవిచ్చాడు, అంతే.

అరగంట ఇస్తే తడ సర్వర్ లేపుతానని ఇమ్మానుయేల్ అన్నాడు. చల్లబడిన మిషన్‌ను మళ్ళీ మొదటినుంచి లేపాలి, అంత పడుతుందట. ఆ అరగంటలో పూజ అయిపోతుంది. చైర్మన్ చేతిలో అంకెలు లేవు, మా ఆయన ఫోనులో ఉన్నాయి. పండగ కదా సార్, నెమ్మదిగా వస్తున్నాయి అంటే చైర్మన్ నమ్మేవాడే. తడ లేచాక అంకెలు కదిలేవి. పరీక్ష గెలిచినట్టు, ఉద్యోగం నిలిచినట్టు. అటుపక్క భానుప్రియలాంటివాళ్ళు ఆ అరగంటా ఎండలో క్యాన్ల పక్కన నిలబడాలి. ముందే ఆలస్యమైన పాలు, కొన్ని దక్కుతాయి, కొన్ని పోతాయి.  ఒక మనసు ఊరుకో అంది, సిగ్గులేకుండా చెప్తున్నా. నోరు తెరిచి ఆ మాట ఫోనులో అనలేదు, అంతవరకే నా గొప్ప.

జేబులోంచి గరగర చప్పుడు వినిపించింది. పూజారి అరవడం వినిపించింది, హారతి కాకుండా తాకవద్దు స్వామీ అని. తర్వాత చైర్మన్ గొంతు, ఏమప్పా ఏం చేస్తా ఉండావు అని.

"ఓడిపోయినా సార్. మూడూ ఆగినాయి. జనం పాలు పెట్టుకుని ఎండలో నిలబడుండారు. వైరు గుచ్చేసినా, ఇప్పుడు తీసుకుంటాది."

 కాసేపటికి గుమ్మడికాయ పగిలిన చప్పుడు వినిపించింది. నేను ఫోను పెట్టేసి భానుప్రియకు చేశాను. పంపు తెరుచుకుందట. మా సెంటర్‌లో పాలు దక్కినాయి గానీ దూరం ఊళ్ళవాళ్ళవి రెండు మూడు క్యాన్లు విరిగిపోయినాయి అని చెప్పింది.

ఆయన ఇంటికి వచ్చేసరికి నేను వడ్డించి కూర్చున్నాను. తిట్టకూడదనుకున్నాను, తిట్టేశాను. వరద రాసుకున్నావు, పిడుగు రాసుకున్నావు, ఏనుగులు కూడా రాసుకున్నావు, ఏటా ఒకే తారీఖున కాకపోయినా ఒకే తిథికి వచ్చే పండగను రాసుకోలేదా, నువ్వేం మనిషివి, నువ్వీ జిల్లాలో పుట్టలేదా, మీ ఇంట్లో రోకలికి బొట్టు పెట్టలేదా అని. ఆయన అన్నం కలుపుతూ అట్లాగే కూర్చుని, "పండగ ఆపద అనుకోలేదు లక్ష్మీ" అన్నాడు.  నెయ్యి వేశాను.

చైర్మన్ వెంటనే ఏమీ తేల్చలేదు. దీపావళి అయ్యాక బెంగుళూరు వాళ్ళను పిలిపించి, మా ఆయననూ కూర్చోమన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అప్పగింతలకు పోతున్నట్టు పోయాడు. వాళ్ళు తెరమీద బొమ్మలు వేసి, మా మిషన్లు ఏడాదంతా ఆగవని చాలాసేపు చెప్పారట. చివర్లో నీకేమైనా అడగాలని ఉందా అని చైర్మన్ ఈయనను అడిగాడు. ఆయుధపూజ నాడు మీ ఆఫీసులో ఎవరుంటారు సార్ అని ఈయన అడిగాడు. ఆ వచ్చినాయనకు సంతోషమైపోయింది. బెంగుళూరులో ఆయుధపూజ ఎంత ఘనంగా చేస్తారో, ఆఫీసు ఎట్లా అలంకరిస్తారో, నవమీ దశమీ రెండు రోజులూ అందరికీ సెలవని చెప్పాడు. మరి మా పాలు ఆగితే అని చైర్మన్ అడిగాడు. ఒక నంబరు ఇస్తాం సార్, ఎప్పుడైనా చెయ్యవచ్చు అన్నాడాయన. ఎవరెత్తుతారు అంటే, మిషనే ఎత్తుతుంది అన్నాడు.

చైర్మన్ మా ఆయన వైపు తిరిగి, ఈయన ఓడిపోయినానని వచ్చి నా ముందర చెప్పినాడు, మీరు ఓడిపోతే నాకు చెప్పేదెవరప్పా అన్నాడట. వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపారు. విరిగిన క్యాన్లకు నష్టం డెయిరీ కట్టుకుంది. మా ఆయనకు మాత్రం ఒక నెల మొహం చూపించలేదు చైర్మన్. అయినా ఉద్యోగం ఉంది.

ఇక కొత్త పథకం. పలమనేరు పూజ అష్టమి నాడు, తిరుపతి నవమి నాడు, తడ దశమి నాడు. మునిరత్నం అష్టమికి ఒప్పుకోవడానికి నెలరోజులు పట్టింది, ఈయన పలమనేరు పోయి వాళ్ళ అయ్యవారి చేత చెప్పించాల్సి వచ్చింది. తడలో పనివాళ్ళను ఇమ్మానుయేలే కూర్చోబెట్టి ఒప్పించాడు. అంతా కుదిరాక చైర్మన్ పథకం చదువుతూ ఒకచోట ఆగాడు. మూడు సర్వర్లూ ఆగిపోతే మొదట చెప్పేది ఎవరు అన్నచోట ఒక ఫోను నంబరు ఉంది. ఇదెవరిదప్పా అన్నాడు.

"మా మరదలిది సార్. పలమనేరు కాడ రెండావులుండాయి. పండగని ఆ పాప పాలు పిండడం ఆపలేదు కదా."

చైర్మన్ నవ్వలేదట. సంతకం పెట్టాడట.

అప్పటినుంచి నా ప్రాణానికి ఇంకో బాధ. భానుప్రియ రోజూ పొద్దున పాలు పోసి, బావా పోసినా అని ఫోను చేస్తుంది. సరే అమ్మీ అంటాడు. పోసినా అన్న మాట వినేదాకా కాఫీ ముట్టడు, నేను రెండుసార్లు వేడి చెయ్యాలి. పక్క సెంటర్‌లో ఇంకొకామెను కూడా కుదుర్చుకున్నాడు, ఒక్కటే ఉంటే లేనట్టే కదా.

మొన్నటి నవమి నాడు భానుప్రియ ఫోను రాలేదు. తిరుపతి పూజకు ఆగింది, పలమనేరు అందుకుంది, తడ కాసుకుని కూర్చుంది, అంకెలు పరుగెడుతున్నాయి. రెండో ఆమె పోసినానని చేసింది. ఇంకేం కావాలి మనిషికి. భానుప్రియకు చేస్తే రింగవుతోంది గానీ ఎత్తదు. ఈయన ముఖం నల్లబడింది. అన్నీ బాగున్నాయి కదా అంటే, బాగున్నాయని మిషన్లు చెప్తా ఉండాయి అని చెప్పులేసుకుని పలమనేరు బస్సెక్కేశాడు, పండగపూట, పాయసం తినకుండా.

మధ్యాహ్నం అక్కడినుంచి ఫోను చేశాడు. ఆవు ఈనిందట, దూడ అడ్డం తిరిగితే భానుప్రియ తెల్లవారుజామునుంచీ దొడ్లోనే ఉందట, చేతులు ఖాళీ లేవట, పాలు పొయ్యలేదట. ఈయన పోయేసరికి దూడ లేచి నిలబడిందట. ఆగిపోయినప్పుడు ఒక మాట చెప్పాల కదమ్మీ అని ఆమెను మందలించాడట. భానుప్రియ నవ్వుతూ అందట, ఆగిపోయినోళ్ళు ఎట్లా చెప్తారు బావా, ఎవురో ఒకరు వచ్చి సూడాల అని.

 చీకటిపడే వేళకు జున్నుపాలు పట్టుకుని వచ్చాడు. ఒక గిన్నె మా ఫ్రిజ్‌లో పెట్టి, ఇంకో గిన్నె పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాడు. పొద్దున్నే చూస్తే పక్కింటివాళ్ళు జున్ను చేసుకుని తినేశారు.